రక్తంలోని ఇనుము - నికాహ్‌కు ముందు ఒక పరీక్ష



సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనం వంశాన్ని, నడవడిని, జీవనోపాధిని విచారిస్తాము. రక్తాన్ని కూడా విచారించమని ఈ వారం మేము కోరుతున్నాము. ఎందుకు కోరుతున్నామో బోధపడాలంటే రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ నిర్మాణం ముందు తెలియాలి. కొంత ఓపికతో ఆలకించండి.

ఆక్సిజన్ నీటిలో అంతగా కరగదు. లీటరు రక్తంలో కేవలం కరిగి ఉండేది సుమారు 3 మిల్లీలీటర్లే. అది ఒక్క మెదడుకైనా చాలదు. హిమోగ్లోబిన్ ఉన్నందువల్ల అదే లీటరు రక్తం దాదాపు 200 మిల్లీలీటర్లను మోస్తున్నది.

ఒక్కొక్క ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు ఉంటాయి. ప్రతి అణువూ నాలుగు ప్రోటీన్ గొలుసుల కూర్పు: ఆల్ఫా గొలుసులు రెండు, బీటా గొలుసులు రెండు. ఆల్ఫాలో 141, బీటాలో 146 అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చబడి ఉన్నాయి. ప్రతి గొలుసూ ముడుచుకొని ఒక గూడు కడుతుంది. ఆ గూటిలో హీమ్ అనే బల్లపరుపు చక్రం, దాని నడుమ ఒకే ఒక ఇనుప పరమాణువు. ఆక్సిజన్ వచ్చి కూర్చునే పీట అదే.

బయటి ఇనుముకు తుప్పు పడితే అది పట్టిన ఆక్సిజన్‌ను మళ్ళీ విడువదు. రక్తంలోని ఇనుము పట్టుకోవాలి, విడిచిపెట్టాలి కూడా. గొలుసు మడతలు హీమ్‌ను కాపాడటం వల్లనే ఈ రెండూ సాధ్యమవుతున్నాయి.

ఈ రూపాన్ని ఎక్స్‌రేల సాయంతో చూపినవారు కేంబ్రిడ్జ్‌లోని మాక్స్ పెరుట్జ్. 1937లో మొదలుపెట్టిన పనికి 1959లో గాని ఫలితం రాలేదు. ఒక్క అణువు కోసం ఇరవై రెండేళ్ళు! 1962లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఆక్సిజన్ లేనప్పుడు ఇనుము చక్రపు తలానికి కొద్దిగా పక్కకు ఒదిగి ఉంటుంది. ఆక్సిజన్ అంటుకోగానే తలంలోకి జరుగుతూ తనను పట్టి ఉన్న గొలుసును లాగుతుంది. ఆ కదలిక తక్కిన గొలుసులకు పాకి, అణువు మొత్తం బిగువు సడలుతుంది. దస్తర్‌ఖాన్ పరచినప్పుడు మొదట కూర్చునేవారే సంకోచిస్తారు, ఒకరు కూర్చున్నాక తక్కినవారు చకచకా కూర్చుంటారు. లేచేటప్పుడూ అంతే. అందువల్ల ఊపిరితిత్తుల్లో సుమారు 97 శాతం నిండిన హిమోగ్లోబిన్, విశ్రాంతిలో ఉన్న శరీరాన్ని చుట్టి వచ్చేసరికి 75 శాతం దాకా తగ్గుతుంది. కష్టపడే కండరంలో ఆమ్లం, బొగ్గుపులుసు వాయువు, వేడి పెరుగుతాయి. అక్కడ హిమోగ్లోబిన్ మరింత ధారాళంగా ఇస్తుంది. ఆ వాయువు ప్రభావాన్ని 1904లో క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు వెల్లడించారు.

గర్భస్థ శిశువులో బీటాకు బదులు గామా గొలుసులు ఉంటాయి. అవి ఆక్సిజన్‌ను మరింత గట్టిగా పట్టుకోగలవు కనుక తల్లి రక్తం నుండి బిడ్డ అందుకోగలుగుతుంది. పుట్టిన తరువాత కొన్ని నెలల్లో గామా తగ్గి బీటా పెరుగుతుంది.

మా విన్నపమంతా ఈ బీటా గొలుసు గురించే. అది తయారుకాకపోవడం, లేదా చాలా తక్కువగా తయారుకావడం బీటా థలసీమియా. జతలేని ఆల్ఫా గొలుసులు పేరుకొని కణాలను నాశనం చేస్తాయి. పుట్టినప్పుడు బాగున్న బిడ్డ సాధారణంగా రెండేళ్ళ లోపే పాలిపోతుంది. తీవ్రమైన రకంలో రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో చేరుతుంది. దాన్ని తీసివేయడానికి మరల మందులు వాడాలి.

తల్లిదండ్రులలో ఒక్కరే వాహకులైతే బిడ్డకు ఈ తీవ్ర వ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ 25 శాతం అవకాశం ఉంది. ఒక బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు, ఏ గర్భం లెక్క ఆ గర్భానిదే. ఇద్దరి నుండీ వస్తేనే వచ్చే వ్యాధికి కోడలినొక్కదానినే నిందించే ఇళ్ళు ఉన్నాయి. అది అన్యాయం.

మేనరికాలు, పెదనాన్న చిన్నాన్న పిల్లల మధ్య సంబంధాలు మనలో పరిపాటి. షరీఅత్ వాటిని అనుమతించింది, మేము కాదనడం లేదు. అయితే ఒకే తాత నుండి ఒకే లోపం ఇద్దరికీ సంక్రమించి ఉండే అవకాశం అక్కడ ఎక్కువ. వాహకులు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. కొందరి స్వల్ప రక్తహీనతను ఇనుము లోపమనుకొని ఏళ్ళ తరబడి మాత్రలు మింగిస్తారు.

రక్తకణాల లెక్కతో పాటు హిమోగ్లోబిన్ ఎ2 శాతం చూసే పరీక్ష చేయించండి. జీవితంలో సాధారణంగా ఒక్కసారి చాలు. ఇప్పటికే వివాహమై ఇద్దరూ వాహకులని తేలినవారు, గర్భధారణకు ముందే వైద్యులను సంప్రదించాలి. పెళ్ళి కావలసిన పిల్లలకు మాత్రం మాటలు మొదలు కాకముందే, ఎవరింట్లో వారు చేయించుకోవడం మేలు. తేదీ ఖాయమై, కార్డులు పంచాక ఫలితం చేతికి వస్తే రెండు కుటుంబాలకూ దాన్ని నిదానంగా ఆలోచించే వ్యవధి ఉండదు.