చిన్న తెరేజమ్మ జబ్బు: ఓర్పు వేరు, దాచడం వేరు



ప్రతి ఏటా అక్టోబరు 1వ తేదీన తిరుసభ పునీత చిన్న తెరేజమ్మ పండుగను కొనియాడుతుంది. సిలువను, గులాబీలను గుండెకు హత్తుకున్న ఆమె స్వరూపం మన గుళ్ళలోనే కాక చాలా ఇళ్ళలో కూడా ఉంటుంది. ఆ స్వరూపంలో ఆమె ముఖం కళకళలాడుతూ కనిపిస్తుంది. కాని చనిపోయేనాటికి ఆమె చిక్కి శల్యమైపోయిన 24 ఏళ్ళ యువతి. ఆమె ప్రాణం తీసింది క్షయ, అంటే టి.బి. ఆ జబ్బుతో ఆమె ఎలా బ్రతికిందో, ఈనాడు మనం దాని నుండి ఏమి నేర్చుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం.

18 నెలల బాధ

తెరేజమ్మ 1873 జనవరి 2న ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో పుట్టింది. 15 ఏళ్ళ వయసులో, 1888 ఏప్రిల్‌లో లిసియు పట్టణంలోని కార్మెల్ మఠంలో చేరింది. అది చలి ప్రాంతం. మఠంలో ఆమె గదికి వెచ్చదనం లేదు. చలికి తాను ఎంతగా బాధపడిందో జీవితం చివరలో మాత్రమే బయటపెట్టింది.

1896లో పవిత్ర గురువారం రాత్రి పడుకోగానే ఆమె నోట్లోకి ఏదో పొంగి వచ్చింది. అప్పటికే దీపం ఆర్పేసింది. తెల్లవారాక చూసుకుంటే అది రక్తం. ఆ సంగతి మదర్ సుపీరియర్‌కు చెప్పింది గాని, తన గురించి కంగారు పడవద్దని కోరింది. పవిత్ర శుక్రవారం ఉపవాసం మానలేదు, పనీ మానలేదు. ఆమె సొంత అక్కలు ముగ్గురు అదే మఠంలో ఉన్నారు. అయినా రక్తం పడిన మాట అక్క పోలిన్‌కు తెలిసింది 1897 మే నెలాఖరున, అంటే ఏడాది దాటాక.

1897 జూలైలో ఆమెను మఠంలోని రోగుల గదికి మార్చారు. కుడి ఊపిరితిత్తి పూర్తిగా పాడైపోయిందని ఆగస్టులో వైద్యుడు చెప్పాడు. సెప్టెంబరు 30న సాయంత్రం ఆమె కన్నుమూసింది.

ఆనాడు మందు లేదు

వైద్యులు ఆమెను పట్టించుకోలేదని అనలేము. చర్మం పొక్కేలా పట్టీలు వేశారు, కాల్చిన సూదులతో వాతలు పెట్టారు, పాలే ఆహారంగా ఇచ్చారు. అప్పటి వైద్యం అంతే. క్షయకు కారణమైన సూక్ష్మక్రిమిని జర్మనీ వైద్యుడు రాబర్ట్ కోచ్ 1882లోనే కనుగొన్నాడు. కాని ఆ క్రిమిని చంపే మందు మాత్రం తెరేజమ్మ చనిపోయిన తరువాత 40 ఏళ్ళకు పైగా దొరకలేదు. స్ట్రెప్టోమైసిన్ అనే మందును అమెరికాలో 1943లో కనుగొన్నారు. ఐసోనియాజిడ్ 1952లో వాడుకలోకి వచ్చింది.

అందుకే మన ప్రాంతంలో కూడా పూర్వం శానిటోరియంలే దిక్కు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో క్షయ రోగుల కోసం శానిటోరియం తెరిచాయి. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, ఇవే అప్పటి ముఖ్య చికిత్స.

1956లో మద్రాసులో మొదలుపెట్టిన ఒక పరిశోధన ఈ పద్ధతిని మార్చింది. శానిటోరియంలో ఉన్నవారికి, ఇరుకు ఇళ్ళలో ఉంటూ మందులు వాడిన పేదవారికి జబ్బు దాదాపు ఒకే విధంగా నయమైంది. ఇంట్లో ఉంచి వైద్యం చేసినందువల్ల కుటుంబంలోని వారికి అదనంగా జబ్బు సోకలేదు కూడా. నయం చేసేది మందు అని, రోగిని ఇంటి నుండి వెలివేయనక్కర లేదని ఆ పరిశోధన ప్రపంచానికి చూపింది.

మన ఇళ్ళలో జరిగేది

తెరేజమ్మ ఓర్పును మనం గౌరవిస్తాం. అయితే ఒక సంగతి గమనించండి. ఆమె జబ్బు సంగతి అందరికీ ముందే చెప్పినా దానిని నయం చేసే మందు ఆనాడు లేదు. ఈనాడు ఉంది. కనుక ఈనాడు దాచిపెట్టడం ఓర్పు కాదు, ప్రాణానికి ముప్పు. పైగా మందులు మొదలుపెట్టని రోగి దగ్గు వల్ల ఇంట్లో పసిపిల్లలకు, ముసలివారికి కూడా జబ్బు అంటుకుంటుంది.

అయినా ఈ దాపరికం పోలేదు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో సంబంధాలు తప్పిపోతాయని తల్లిదండ్రులు భయపడతారు. కొత్త కోడలు అత్తవారు పుట్టింటికి పంపేస్తారేమోనని దగ్గును కొంగులో దాచుకుంటుంది. ఒక మాట గుర్తుంచుకోండి. క్షయ శాపం కాదు, పాప ఫలం కాదు, వంశంలో వచ్చే జబ్బు కాదు. గాలి ద్వారా సోకే క్రిమి వల్ల వస్తుంది. కంచం, గ్లాసు, బట్టల వల్ల రాదు. మందులు పూర్తిగా వాడి నయమైన అమ్మాయి అందరిలాగే పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు.

ఈ గుర్తులుంటే వెంటనే రండి

* రెండు వారాలు, అంతకు మించి దగ్గు
* సాయంత్రం పూట జ్వరం, రాత్రిళ్ళు చెమటలు
* ఆకలి మందగించడం, బరువు తగ్గడం
* కళ్ళెలో రక్తం

కళ్ళె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రేతో జబ్బును కనిపెట్టవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలు, మందులు ఉచితం. మామూలు క్షయకు 6 నెలలు మందులు వాడాలి. వైద్యం జరిగినంత కాలం పౌష్టికాహారం కోసం ప్రభుత్వం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది.

మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఇది చాలా ప్రమాదం. మిగిలిన క్రిములు మందులకు లొంగని విధంగా మారి తిరిగి విజృంభిస్తాయి. మూత్రం ఎర్రగా వస్తే భయపడవద్దు, అది మందు రంగు. కాని కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా ఆలస్యం చేయకుండా డాక్టరుగారికి చూపించండి. గర్భిణులు, గర్భం రాకుండా మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంట్లో మిగిలిన వారందరూ కూడా పరీక్ష చేయించుకోవాలి.

రోగి మనసును కూడా చూడండి

తెరేజమ్మ శరీరమే కాదు, మనసు కూడా నలిగింది. 1896 పాస్కా పండుగ రోజుల నుండి ఆమె విశ్వాసాన్ని చీకటి కమ్మింది. పరలోకం ఉందా అన్న సందేహం పీడించింది. బాధ భరించలేని రోజుల్లో ఆమె అక్కకు ఒక హెచ్చరిక చేసింది. తీవ్రమైన నొప్పులు పడే రోగుల దగ్గర విషం లాంటి మందులు ఉంచవద్దని చెప్పింది. అంత నొప్పిలో మనిషికి ఏ తలంపు రాగలదో ఆమె అనుభవించి తెలుసుకుంది.

కనుక మీ ఇంట్లో చాలాకాలంగా జబ్బుతో ఉన్నవారు విసుక్కున్నా, ప్రార్థన చేయబుద్ధి కావడం లేదన్నా, బ్రతకాలని లేదన్నా, "నీకు విశ్వాసం లేదు" అని గద్దించకండి. పునీతురాలికే తప్పలేదు ఆ చీకటి. పక్కన కూర్చోండి, వినండి, ఆ మాట డాక్టరుగారికి గాని, సిస్టరుగారికి గాని తెలియజేయండి. మందులు రోగి చేతికి అందేలా కాకుండా మీ దగ్గర భద్రపరచి, వేళకు మీరే ఇవ్వండి.

రోగుల గదిలోని సిస్టరు చెప్పినందున తెరేజమ్మ రోజూ కాసేపు తోటలో నడిచేది. ఒక్కో అడుగు వేయడం కష్టమైనా, దూరదేశంలో అలసిపోయిన ఏ గురువు కొరకో ఆ అడుగును దేవునికి అర్పించేది. మఠం దాటి వెళ్ళని ఆమెను 1927లో పోపు 11వ భక్తినాథుడు వేదవ్యాపక మండలాలకు పాలక పునీతురాలిగా ప్రకటించారు. మంచంలో ఉన్నవారి జీవితం వ్యర్థం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మీరు కూడా మీ బాధను దేవునికి అర్పించండి. దగ్గును మాత్రం దాచకండి. కళ్ళె పరీక్షకు రండి. దేవుడు మిమ్మును దీవించును గాక!