నెట్ సెంటర్ నంబర్ మీద మన మెయిల్ ఐడీ

వెలిగండ్ల మండలం నుంచి కనిగిరికో, ఒంగోలుకో చదువుకు వెళ్లే మన పిల్లల మెయిల్ ఐడీ చాలాసార్లు స్కాలర్‌షిప్ దరఖాస్తు రోజున నెట్ సెంటర్‌లో పుడుతుంది. ఫోన్ నంబర్ సెంటర్ వాళ్లది. పాస్‌వర్డ్ పిల్లాడి పేరు, పక్కన 123. ఏడాది తర్వాత కాలేజీ నుంచి మెయిల్ వస్తే తెరవాలంటే ఓటీపీ ఆ సెంటర్‌కే పోతుంది. కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఉన్న పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరో ఉన్నట్టు.

కాబట్టి ముందు చేయాల్సింది రికవరీ నంబర్‌ను మనదిగా మార్చుకోవడం. సిమ్ మార్చిన రోజే అక్కడా మార్చాలి. రెండంచెల భద్రత పెట్టుకోవాలి. రెండేళ్లు తెరవని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు, అందులోని పత్రాలూ పోతాయి.

అధ్యాపకుల వైపూ ఒక మాట. స్కాలర్‌షిప్ జాబితాను కులం కాలమ్‌తో సహా క్లాసు మొత్తానికి పంపేస్తుంటారు. ఊళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదు? హాస్టల్లో చెప్పాలో వద్దో మాత్రం ఆ విద్యార్థి ఇష్టం. ఎవరి వివరాలు వాళ్లకే విడిగా పంపాలి. అందరికీ ఒకే నోటీసు అయితే చిరునామాలు బీసీసీలో పెట్టాలి. ఇది సాంకేతిక మర్యాద కాదు, పిల్లల గౌరవానికి సంబంధించిన విషయం.

ఇక ఫిర్యాదు. 2015 ఆగస్టు 17న అప్పటి కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ, స్మృతి ఇరానీకి లేఖ రాశారు. ఆ తర్వాత మానవ వనరుల మంత్రిత్వ శాఖ నుంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వరుసగా రిమైండర్లు వెళ్లాయి. డిసెంబర్ 18న రోహిత్ వేముల వీసీకి రాసిన లేఖ వెనుక ఏ మంత్రిత్వ శాఖా లేదు. 2016 జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. మన వెనుక శాఖలు ఉండవు గనుక రిమైండర్ మనమే పంపుకోవాలి, తేదీతో సహా.

నోటి మాటగా చెప్పింది మార్కాపురం పలక మీద రాసినట్టే, తుడిస్తే పోతుంది. ఐటీ చట్టం, 2000లోని 4వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డును రాతపూర్వక పత్రంగా గుర్తిస్తుంది. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ పత్రం కావాలి. అందుకే స్క్రీన్‌షాట్ తీశాం కదా అని అసలు మెయిల్ తీసేయకండి. కాలేజీ ఇచ్చిన ఐడీ కాలేజీ చేతిలోనే ఉంటుంది, ఏ రోజైనా మూసేయొచ్చు. ఫిర్యాదు సొంత ఐడీ నుంచి పంపండి.

సబ్జెక్ట్ లైన్‌లో విషయం, తేదీ ఉండాలి: ‘ల్యాబ్‌లో కుల దూషణపై ఫిర్యాదు, ఫలానా తేదీ’ అని. లోపల ఏం జరిగింది, ఎక్కడ, ఎవరు విన్నారు, ఏం చర్య కోరుతున్నారు. కోపం న్యాయమైనదే, కానీ మెయిల్‌లో వివరాలకే చోటివ్వండి. ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వంపై యూజీసీ 2012 నిబంధనలు ఫిర్యాదుపై నిర్ణయానికి 60 రోజుల గడువు పెట్టాయి. ఆ లెక్క మొదలయ్యేది మన మెయిల్ తేదీ నుంచే అని ఆ మెయిల్‌లోనే గుర్తుచేయండి.

ప్రిన్సిపాల్‌కు మెయిల్ పంపడం పోలీసు ఫిర్యాదు కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కావాలంటే స్టేషన్‌కు సమాచారం ఇవ్వాలి. బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం ఆ సమాచారం ఎలక్ట్రానిక్‌గా కూడా పంపొచ్చు, అయితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. వెళ్లేటప్పుడు తోడు ఒకరిని, మెయిల్ ప్రింటు రెండు కాపీలు తీసుకెళ్లండి.