పేలిన ఫిరంగి గుండు ఎక్కడ పడుతుంది?

“జనవరి 26న ఢిల్లీలో జెండా ఎగరేసేటప్పుడు ఢాం ఢాం అని ఫిరంగులు పేలుస్తారు కదా, ఆ గుండ్లన్నీ ఎక్కడ పడతాయి? ఎవరికీ తగలవా?” అని ఒక చిన్నారి అడిగింది.

అడగవలసిన ప్రశ్నే. ఫిరంగి ఉన్నదే గుండు విసరడానికి. పేలిందంటే గుండు వెళ్లాలి, వెళ్లిన గుండు ఎక్కడో ఒకచోట పడాలి. ఆ పాప ఆలోచనలో తప్పేమీ లేదు. అయితే సలామీకి, అంటే గౌరవ వందనంగా, పేల్చే ఫిరంగిలో అసలు గుండే పెట్టరు. ఒట్టి మందు మాత్రమే ఉంటుంది.

మరి గుండు లేకుండా అంత చప్పుడు ఎలా వస్తుంది?

పేలని టపాకాయను మధ్యకు విరిచి, అందులోని మందుకు నిప్పు తగిలిస్తే ఏమవుతుందో దీపావళి నాడు చాలామంది చూసే ఉంటారు. బుస్సుమని మండిపోతుంది, అంతే. అదే మందును కాగితంలో బిగించి చుడితే ఢామ్మంటుంది. మందు మండగానే కొద్దిపాటి పొడి బోలెడంత వేడి వాయువుగా మారుతుంది. బయట ఉంటే ఆ వాయువు నాలుగు వైపులా తీరిగ్గా చెదిరిపోతుంది. బిగించి ఉంటే చోటు చాలక ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా బయటపడుతుంది.

ఫిరంగిలో జరిగేదీ ఇదే. ఇత్తడి తూటాలో మందు కూరి, పైన మూత బిగిస్తారు. అది మండినప్పుడు పుట్టిన వాయువుకు గొట్టం మూతి తప్ప వేరే దారి లేదు. అక్కడి నుంచి అది మహా వేగంగా దూసుకొస్తుంటే, ఎదురుగా ఉన్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. గాలి నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడు ఒక అలలా నలుదిక్కులా పాకి మన చెవికి ‘ఢాం’ అని చేరుతుంది. దగ్గరగా నిలబడితే గుండె మీద ఎవరో చరిచినట్టు ఉంటుంది. అంటే చప్పుడు పుట్టేది వాయువుకూ గాలికీ మధ్య, గుండుకు అందులో పనిలేదు.

ఇక్కడ వాడే మందు గురించి కొంచెం చెప్పాలి. సలామీ తూటాల్లో చాలావరకు పాతకాలపు తుపాకిమందే వాడతారు. నూటికి 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. ఇప్పటి యుద్ధాల్లో వాడే పొగలేని మందు ఇంతకంటే శక్తిమంతమైనది కదా, అది ఎందుకు వాడరు? ఎందుకంటే ఆ మందు సరిగా మండాలంటే ముందు గుండు అడ్డుగా ఉండి ఒత్తిడి నిలబడాలి. అడ్డు లేకపోతే నింపాదిగా మండి, సగం మండకుండానే బయటికి పోతుంది. పాత మందుకు అంత అడ్డు అక్కర్లేదు, నిప్పు తగిలిందే తడవు భగ్గుమంటుంది. తెల్లటి పొగ కూడా దీని చలవే. మండిన తర్వాత దాని బరువులో సగానికి పైగా వాయువు కాకుండా సన్నని ధూళిగా మిగులుతుంది. మనకు మబ్బులా కనిపించేది ఆ ధూళే.

ఢిల్లీలో ఎన్నో ఏళ్లు సలామీ పేల్చినవి బ్రిటిష్ వారి ‘25 పౌండర్’ ఫిరంగులు. రెండో ప్రపంచ యుద్ధం నాటివి. వాటి గుండు బరువు 25 పౌన్లు, అంటే 11 కిలోల పైమాటే, అందుకే ఆ పేరు. జాతీయ గీతం మొదలవగానే మొదటి మోత, ముగిసేసరికి చివరిది. 52 సెకన్లలో 21 మోతలు. మోతకూ మోతకూ మధ్య ఉండేవి 20 విరామాలు, ఒక్కొక్కటి రెండున్నర సెకన్లకు కాస్త ఎక్కువ. అంత తక్కువ వ్యవధిలో ఒకే ఫిరంగిని తెరిచి, ఖాళీ తూటా తీసి, కొత్తది పెట్టి, తడబడకుండా పేల్చడం కష్టం. అందుకని ఏడు ఫిరంగులు వంతులవారీగా మూడేసి సార్లు పేలతాయి. అప్పుడు ఒక్కోదానికి 18 సెకన్ల దాకా సమయం దొరుకుతుంది. 2023 గణతంత్ర దినోత్సవం నుంచి వీటి స్థానంలో మన దేశంలోనే తయారైన 105 మిల్లీమీటర్ల ఫిరంగులు వచ్చాయి.

21 అనే లెక్క ఎప్పుడూ ఉన్నది కాదు. 1950 జనవరి 26న రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిగా ప్రమాణం చేసినప్పుడు మోగినవి 31. అంతకుముందు బ్రిటిష్ పాలనలో మోతల సంఖ్యే సంస్థానాధీశుల హోదాకు కొలమానం. హైదరాబాద్ నిజాముకు 21, బనగానపల్లె నవాబుకు 9.

గుండు లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటే మాత్రం పొరపాటు. మూతి నుంచి వచ్చే వాయువు, మండుతున్న రేణువులు, తూటా మూత ముక్కలు మనిషిని చంపగలవు. అందుకే ముందువైపు చాలా దూరం వరకు ఎవరినీ ఉండనివ్వరు. మోత పెద్దదిగా రావాలని గొట్టంలో గడ్డి కుక్కకూడదు. ఆ గడ్డే గుండు అవుతుంది.

మూతి నుంచి మందు కూరే పాత ఫిరంగులతో జాగ్రత్త ఇంకా ఎక్కువ. అమెరికాలో గెటిస్‌బర్గ్ వంటి చోట్ల 1860ల నాటి అంతర్యుద్ధ పోరాటాలను అభిమానులు మళ్లీ నటించి చూపిస్తారు. అక్కడ ఫిరంగి పేలాక మొదట చేసే పని కడగడం. పురి తిరిగిన ఇనుప కొక్కెంతో లోపల మిగిలిన మందు పొట్లం పీలికలు లాగేసి, గొర్రెతోలు చుట్టిన కర్రను నీళ్లలో ముంచి గొట్టం అడుగు దాకా తుడుస్తారు. ఒక్క నిప్పురవ్వ మిగిలినా తర్వాత కూరే మందు చేతిలో ఉండగానే అంటుకుంటుంది. తుడుస్తున్నంతసేపూ ఇంకొకరు తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో వెనకవైపు వత్తి రంధ్రాన్ని నొక్కి ఉంచుతారు. లేకపోతే ఆ రంధ్రం గుండా గాలి ఆడి రవ్వ రాజుకుంటుంది. మందు పొట్లం గుడ్డతో కాకుండా అల్యూమినియం రేకుతో చుడతారు, గుడ్డయితే రగులుతూ లోపలే ఉండిపోతుంది కాబట్టి. కూరే మనిషి మూతికి ఎదురుగా నిలబడడు, పక్కకు ఉంటాడు. కూరే కర్రను పిడికిలి బిగించి పట్టుకోడు, బొటనవేలిని కూడా మిగతా వేళ్ల వైపే ఉంచుతాడు. మందు అనుకోకుండా పేలితే కర్ర చేతిలోంచి జారిపోతుంది, వేళ్లు దక్కుతాయి. ఇదంతా చూసేవారికి చాదస్తంలా అనిపించవచ్చు. కానీ ఇందులో వదిలేయదగ్గది ఒక్కటీ లేదని నా నమ్మకం.

అక్కడ పేల్చే ఫిరంగుల్లో చాలావరకు పాతవాటి నమూనాలో కొత్తగా చేసినవే. తుప్పు పట్టిన పాత లోహంలో పోత పోసిననాటి బుడగలు, పగుళ్లు పైకి కనిపించవు. ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడే చీల్చుకుని వస్తుంది. గోల్కొండ బురుజుల మీదా, మన ఇతర కోటల్లోనూ ఉన్న ఫిరంగుల సంగతీ అంతే. సరదాకైనా వాటిలో టపాకాయలు పెట్టనివ్వకండి. పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్లి గొట్టం మందాన్ని చేత్తో కొలవమనండి. మూతి కంటే వెనకభాగం ఎందుకంత మందంగా ఉందో అడిగి, మందు మండేది అక్కడే కాబట్టి ఒత్తిడి కూడా అక్కడే అన్నిటికంటే ఎక్కువని చెప్పండి.