వెనక్కి వేసిన బంతి ముందుకు పోతుందా?

ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపరు తప్ప మరెవరైనా బంతిని చేత్తో ఆపితే వెంటనే రెఫరీ ఈల వేస్తాడు. కాని బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట కూడా ఒకటుంది. అదే రగ్బీ.

ఇంగ్లండులోని రగ్బీ పాఠశాల నుంచి దీనికి ఆ పేరు వచ్చింది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి బంతిని చేతుల్లోకి తీసుకుని పరుగెత్తడంతో ఈ ఆట పుట్టిందని ఒక కథ ఉంది. దానికి గట్టి ఆధారాలు లేవు. అయితే 1845లో ఆ పాఠశాల విద్యార్థులే ఈ ఆట నియమాలను తొలిసారిగా రాసి పెట్టారన్నది మాత్రం నిజం.

జట్టుకు 15 మంది ఆడతారు. ఆట 40 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా జరుగుతుంది. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ సన్నగా, కోలగా ఉంటుంది. దాన్ని ఎదుటి జట్టు గోలు గీత దాటించి నేలకు ఆనిస్తే 'ట్రై' అంటారు. దానికి 5 పాయింట్లు. ఆ తరువాత బంతిని గోలు స్తంభాల మధ్యగా, 3 మీటర్ల ఎత్తున ఉన్న అడ్డకమ్మీ మీదుగా తన్నగలిగితే మరో 2 పాయింట్లు. పెనాల్టీ కిక్కుతో అలాగే దాటిస్తే 3 పాయింట్లు.

ఇంతవరకు తేలికే. అసలు చిక్కు ఇక్కడుంది: బంతిని కాలితో ముందుకు తన్నవచ్చు గాని చేత్తో ముందుకు అందించకూడదు! పక్కకో, వెనక్కో మాత్రమే వేయాలి. పొరపాటున చెయ్యి తగిలి బంతి ముందుకు పడినా తప్పే. అప్పుడు సాధారణంగా 'స్క్రమ్' ఇస్తారు. రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది ఒకరినొకరు పట్టుకుని, భుజాలు ఆనించి నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడతారు.

బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివారు పట్టి పడవేయవచ్చు. దీన్ని 'ట్యాకిల్' అంటారు. బంతి లేనివాణ్ణి ముట్టకూడదు. మెడను, తలను పట్టుకోవడం కఠినంగా శిక్షించే తప్పు. కిందపడినవాడు బంతిని వెంటనే వదలాలి.

ఇప్పుడొక ప్రశ్న. ఒక ఆటగాడు సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తుతూ బంతిని తన వెనక్కి సెకనుకు 3 మీటర్ల వేగంతో వేశాడు. నేలమీద నిలబడి చూసేవారికి బంతి ఎటు పోతుంది? 8లోంచి 3 తీసివేయండి. సెకనుకు 5 మీటర్ల వేగంతో ముందుకే పోతుంది! పరుగెత్తేవాడి వేగం బంతికి కూడా ఉంటుంది కదా! ఒక సెకను తరువాత బంతి 5 మీటర్లు ముందుకు వస్తుంది, ఆటగాడు 8 మీటర్లు వస్తాడు. కనుక బంతి అతనికి వెనకే ఉంటుంది.

కాని బంతి వేసిన మరుక్షణమే అతణ్ణి ఎవరైనా పడవేస్తే? అతను ఆగిపోతాడు, బంతి అతణ్ణి దాటిపోతుంది. చూసేవాళ్ళు "తప్పు! తప్పు!" అని అరుస్తారు. ఆ అరుపులు విని ఈల వేస్తే ఏ తప్పూ చేయని జట్టుకు అన్యాయం జరుగుతుంది. అందుకే రెఫరీ చూడవలసింది నేలమీద బంతి ఎంత దూరం పోయిందని కాదు; వేసినవాడి చేతులు ఏ వైపుకు కదిలాయని.

మీరూ పరీక్షించి చూడండి. మైదానంలో ఒక గీత గీసి, వేగంగా పరుగెత్తుతూ సరిగ్గా గీత దగ్గర రబ్బరు బంతిని మెల్లగా వెనక్కి విసరండి. అది గీతకు ఏ వైపున పడిందో పక్కన నిలబడిన స్నేహితుణ్ణి అడగండి!