ఎడారి నదిలో పడవ వేసుకుని బంగారానికి పోయాం

పోయినేడు చలికాలం అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉండి వచ్చాను. వాళ్ళుండేది అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ పక్కన. ఎటు చూసినా ఎండిన గుట్టలు, ముళ్ళ చెట్లు, మనిషికి ఐదారింతలు ఎత్తున్న జెముళ్ళు. నాలుగైదు రోజులకోసారి నల్లా వచ్చే షోలాపూర్‌లో బతికినవాణ్ణి, నాకే ఆ నేల చూస్తే దూపయింది. అట్లాంటి చోట మార్చిలో ఒక శనివారం మా అల్లుడు "మామా, రేపు పడవల పోయి బంగారం కడుగుదమా?" అంటే పరాచికమాడుతున్నాడనుకున్నాను.

పరాచికం కాదు. ఫీనిక్స్ నుంచి పడమటికి కారులో రెండున్నర గంటలు పోతే ఎహ్రెన్‌బర్గ్ అనే చిన్న ఊరు. అక్కడ కొలరాడో నది. ఇవతలి ఒడ్డు అరిజోనా, అవతలి ఒడ్డు కాలిఫోర్నియా. వానే సరిగా పడని చోట ఇన్ని నీళ్ళెక్కడివి అని అడిగాను. ఎక్కడో వందల మైళ్ళ ఎగువన రాకీ కొండల్లో మంచు కరిగి వస్తాయట.

అక్కడి బంగారం సంగతి పాతదే. 1862లో పాలీన్ వీవర్ అనే అతనికి, అతని జతగాళ్ళకు ఆ గుట్టల మధ్య వాగులో బంగారం కనబడింది. వీవర్ అంటే ఇంగ్లీషులో నేతగాడు. మనవాడే అని సంబరపడ్డాను గానీ, అతను ఉచ్చులు పెట్టి జంతువులను పట్టేవాడట. ఆ కబురుతో నది ఒడ్డున లాపాజ్ అనే ఊరు లేచింది. పిండి, గడ్డపారలు, బట్టలు అన్నీ దిగువ నుంచి నదిమీదే వచ్చేవి. అడుగు బల్లపరుపుగా ఉండి, తక్కువ నీళ్ళలోనూ నడిచే ఆవిరి పడవలు తెచ్చేవి. కొన్నేళ్ళకు బంగారం తగ్గింది, నది కూడా పక్కకు జరిగింది. రేవు ఎండింది. వ్యాపారం ఎహ్రెన్‌బర్గ్‌కు పోయింది, లాపాజ్ మట్టిలో కలిసింది. మిల్లు భోంగా ఆగిపోయాక మన చాళ్ళు ఎట్లా ఖాళీ అయ్యాయో చూసినవాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు.

చిక్కంతా ఏమిటంటే బంగారం ఉండేది ఎండిపోయిన వాగుల్లో, నీళ్ళుండేది నదిలో. ఎప్పుడో ఒక గట్టివాన పడితే గుట్టల మీది మట్టి, రాయి, అందులోని బంగారు రేణువు కలిసి కొట్టుకొస్తాయి. బంగారం నీళ్ళకంటే 19 రెట్లు బరువు, మామూలు ఇసుక రెండున్నర రెట్లే. అందుకని బంగారం అడుక్కు దిగి, బండల సందుల్లో ఇరుక్కుంటుంది. నీళ్ళు లేని చోట మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు ఎండుమట్టిని దుప్పట్లో ఎగరేసి గాలికి తూర్పార పట్టేవారట. మన బ్లోరూమ్ పనే. కాకపోతే మనకు కింద పడేది చెత్త, వాళ్ళకు కింద పడేది సరుకు.

ఇప్పటివాళ్ళు చిన్న పడవ ఎందుకు పట్టుకుపోతారంటే, అది వాగు నదిలో కలిసే చోట దింపుతుంది. మట్టి అక్కడే, కడగడానికి నీళ్ళు అక్కడే. కారు దారి అంతదాకా ఉండదు. మాది పక్కింటాయన దగ్గర తెచ్చుకున్న 12 అడుగుల అల్యూమినియం పడవ, చిన్న మోటారు. పండరిపురంలో చంద్రభాగ దాటించే పడవంత కూడా లేదు. నదిలో ఇసుక మేటలు ఈ వారం ఉన్నచోట పైవారం ఉండవు. రెండు మూడు సార్లు మోటారు పైకి లేపి తెడ్డుతో నెట్టాం. పోయేటప్పుడు దిగువకు కాబట్టి సులువు, వచ్చేటప్పుడు ఎదురు. అందుకే పెట్రోలులో మూడోవంతు మాత్రమే పోవడానికి వాడాలని అల్లుడి లెక్క. ఎక్కడపడితే అక్కడ తవ్వనివ్వరు కూడా. ఆదివాసుల భూమి, పక్షుల అభయారణ్యం, ఇంకొకరు హక్కు రాయించుకున్న చోటు వదిలెయ్యాలి. అల్లుడు మ్యాపులో ముందే చూసి పెట్టాడు.

వాగు మూతి దగ్గర పడవ ముక్కును ఇసుక మీదికి లాగి, తాడు ఒక రాయికి చుట్టి, నేను, అల్లుడు, పదేళ్ళ మనవడు వాగులోకి నడిచాం. గంటన్నర పట్టింది. బండ సందుల్లో మట్టిని చిన్న పారతో గీకి, జల్లెడ పట్టి, రెండు బకెట్లు సగం సగం నింపాం. అంతకుమించితే మొయ్యలేం.

తిరిగొచ్చి చూస్తే పడవ లేదు.

మేం తాడు చుట్టిన రాయి మోకాలు లోతు నీళ్ళలో ఉంది. వాన లేదు, మబ్బు లేదు. ఎగువన పార్కర్ డ్యామ్ ఉంది. పొలాలకు, కరెంటుకు ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని వదులుతారు. దానితోపాటు నది పొద్దుకు ఒక తీరు, మాపుకు ఒక తీరు ఎక్కి దిగుతుంది. సముద్రం పోటులాగా అనుకోండి. మా పడవ తేలి, తాడు జారి, రెండు వందల గజాల దిగువన మా ఒడ్డునే తుంగలో చిక్కుకుంది. తాగే నీళ్ళ డబ్బాలు, తిండి, ఫోన్లు అందులోనే.

అల్లుడు చొక్కా విప్పాడు, ఈదుకుంటూ పోతానని. నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాను. డ్యామ్ అడుగు నీళ్ళు, చల్లగా కోస్తున్నాయి, లాగుడు కూడా ఉంది. "నీ కొడుకు చూస్తున్నడు. నీళ్ళల్ల అడుగెయ్యకు. ఆలస్యమైనా ఒడ్డెంబడి పోదాం" అన్నాను. జీవితంలో అతనిమీద గొంతు పెంచింది అదొక్కసారే. మాట విన్నాడు.

నా భుజానికి సంచిలో ఒక్క నీళ్ళసీసా ఉంది. సాంచాల ఖాతాలో ఉక్కకు నీళ్ళు లేకుండా నిలబడలేం, ఆ అలవాటు పోలేదు. ముగ్గురం గుక్కెడు గుక్కెడు, పిల్లవాడికి రెండు గుక్కలు. రెండు వందల గజాలకు గంట పైనే పట్టింది. ముళ్ళు, చిక్కటి పొదలు, ఒంగి దూరాల్సిన చోట్లు. మనవడు ఏడవలేదు. "తాతా, పడవ మళ్ళా పోతదా?" అని మాత్రం నాలుగుసార్లు అడిగాడు. ఎండ అప్పటికి ముప్పై దాటింది. అదే జూన్ అయితే నలభై ఐదు. జూన్‌లో అయితే ఈ వ్యాసం నేను రాసేవాణ్ణి కాదేమో.

పడవ దొరికాక మళ్ళీ వాగు దగ్గరికి వచ్చాం. ఉన్న తాడు పొట్టిది. ఇంకొక తాడు తీసి, తెగిన పోగుకు వేసే నేతముడితో రెండూ కలిపాను. అల్లుడు చూసి, "ఇది పడవలోళ్ళు గూడ ఏస్తరు మామా, ఒకటే ముడి" అన్నాడు. గట్టుమీద, నీటి గుర్తుకు చాలా పైన ఉన్న చెట్టు మొదలుకు కట్టాం. లంగరు కూడా వేశాం.

అప్పుడు కడిగాం. పళ్ళెంలో మట్టి, నీళ్ళు వేసి ముందు గట్టిగా కుదపాలి, బరువైనది అడుక్కు దిగాలి. తర్వాత పళ్ళెం వంచి, పైమట్టిని కొద్దికొద్దిగా నీళ్ళతో జారవిడవాలి. చివరికి నల్ల ఇసుక మిగులుతుంది, అది ఇనుము రకం. అక్కడ తొందరపడితే అంతా నదిపాలు. నా చేతులకు ఆ నిదానం తెలుసు. అల్లుడు రెండు పళ్ళాలు పారబోశాడు.

మొత్తం ఏడు రేణువులు. అన్నీ కలిపినా ఆవగింజంత లేవు. పెట్రోలు ఖర్చులో నూరోవంతు కూడా రాదు. చిన్న సీసాలో నీళ్ళుపోసి వేసుకొచ్చాను. మా ఇంటావిడ కళ్ళద్దాలు పెట్టుకుని, సీసా వెలుతురుకు పట్టి, ఐదే ఉన్నాయంటుంది.