శుభలేఖ అచ్చుకెళ్లే ముందు

గురువారం రాత్రి 2.30 గంటలకు ముహూర్తం. ఇంగ్లీషు లెక్కలో అప్పటికే శుక్రవారం వచ్చేసినట్టు. పంచాంగం లెక్కలో మాత్రం సూర్యోదయం అయ్యేదాకా గురువారమే. అందుకనే శుభలేఖలో ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’ అని వేయడం ఆనవాయితీ. ‘తెల్లవారితే’ అన్న ఆ ఒక్క మాట జారిపోయి, ‘శుక్రవారం రాత్రి 2.30’ అని పడిందనుకోండి. దూరపు చుట్టాలు పందిరి విప్పుతుండగా దిగుతారు. వెయ్యి కార్డులు అచ్చయి, అంచులకు పసుపు రాసి, సగం పంచాక ఈ సంగతి బయటపడితే పెళ్లివారికి తలనొప్పి. ఆ కార్డు కూర్చిన కుర్రాడికి నెల జీతం పోయినట్టే.

మండల కేంద్రాల్లో బస్టాండు పక్కనో, తాలూకాఫీసు ఎదుటో వుండే జిరాక్సు, డి.టి.పి. సెంటర్లలో పని నేర్చుకుంటున్న యువకులకు ఇలాంటి గండాలు తెలియనివి కావు. ఇంటర్ తప్పినవారు, డిగ్రీ అయి ఖాళీగా వున్నవారు, ఊరు విడిచి వెళ్లలేని ఆడపిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, తిరునాళ్ల కరపత్రాలు, దుకాణం బిల్లు పుస్తకాలు, పాలకేంద్రం లెక్కల కాగితాలు, వర్ధంతి ఫ్లెక్సీలు చేతినిండా వుంటాయి. ఇదంతా గ్రాఫిక్ డిజైను పనే. పేరు పెద్దది గాని, ఊళ్లలో దాన్ని ఇంకా ‘కార్డు కొట్టించడం’ అనే అంటున్నారు.

కంప్యూటరు మీద పనిముట్లు పట్టుబడడానికి నెలా రెండు నెలలు చాలు. కోరల్ డ్రాలో గీత గీయడం, ఫోటోషాపులో మనిషి బొమ్మ వెనుక గోడ తీసేయడం, తెలుగు టైపు చేయడం చేతికి అలవాటయ్యే పనులు. వీడియోలు చూసి ఇంట్లోనే నేర్చుకునేవారూ వున్నారు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తెర మీద ముచ్చటగా కనిపించిన కార్డు కాగితం మీద అలాగే రావాలంటే ప్రెస్సులో ఏం జరుగుతుందో తెలిసి వుండాలి. అది వీడియోల్లో చెప్పేవారు తక్కువ. చెప్పినా, మన ఊరి ప్రెస్సు సంగతి వారికి తెలియదు.

సీసపు అక్షరాల రోజుల్లో ఈ పని నలుగురి చేతుల మీదుగా నడిచేది. కంపోజిటరు కేసుల ముందు నిలబడి ఒక్కో అక్షరం, దాని కింద ఒక్కో వత్తు ఏరి స్టిక్కులో పేర్చేవాడు. గ్యాలీ ప్రూఫు తీసేవారు. ప్రూఫ్ రీడరు తప్పులు గుర్తు పెట్టేవాడు. అవి దిద్ది, మరోసారి చూసుకుని గాని ట్రెడిల్ మిషను మీదికి ఎక్కించేవారు కాదు. 1985లో అమెరికాలో ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. 1989లో కోరల్ డ్రా వచ్చింది. 1990ల తర్వాత జిల్లాల్లోనూ కేసులు మూలపడ్డాయి. కంపోజిటరు, ఆర్టిస్టు, ప్రూఫ్ రీడరు చేసే పనులన్నీ ఇప్పుడు కుర్చీలో కూర్చున్న ఒక్కరే చేయాలి. పైగా బయట కౌంటరు దగ్గర ఆధార్ జిరాక్సులు అడిగేవారికి జవాబు చెబుతూ చేయాలి!

పాత ఫైలుతో ప్రమాదం

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది పాత ఫైలు దగ్గరే. కిందటి మాఘంలో చేసిన కార్డు తెరిచి, పేర్లు మార్చి, వేరే పేరుతో దాచుకోవడం అందరికీ అలవాటు. పని తొందరగా అవుతుంది, నిజమే. కాని పాత కార్డులో తాతగారి పేరుకు ముందున్న ‘కీ.శే.’ అలాగే వుండిపోతే? బతికివున్న పెద్దమనిషి పేరు ముందు అది అచ్చయితే ఆ ఇంట్లో జరిగే గొడవ ఎవరూ ఆపలేరు. సంవత్సరం పేరు, తిథి, నక్షత్రం, కల్యాణ మండపం చిరునామా, ఫోను నెంబరులో చివరి అంకె వంటివన్నీ పాత కార్డు నుంచి దొంగతనంగా కొత్త కార్డులోకి వచ్చేస్తుంటాయి. అనుభవం వున్న ఆపరేటర్లు ఖాళీ నమూనా ఒకటి వేరుగా పెట్టుకుంటారు. అందులో పేర్లుండవు, తేదీలుండవు. ప్రతి కార్డూ దాని మీదనే మొదలుపెడతారు.

తారీఖుకూ వారానికీ పొత్తు కుదిరిందా లేదా అన్నది క్యాలెండరు తీసి చూడవలసిందే. పెళ్లివారు రాసిచ్చిన కాగితంలోనే తప్పుండవచ్చు. అడిగి తెలుసుకుంటే ఎవరూ కోప్పడరు.

తెర వెలుగు, కాగితం రంగు

రంగుల సంగతి మరో పాఠం. కంప్యూటరు తెర, సెల్‌ఫోను తెర వెలుగుతో రంగు చూపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయిక అది. ఆర్.జి.బి. అంటారు. కాగితానికి సొంత వెలుగు లేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు – ఈ నాలుగు సిరాలనే ఒకదాని మీద ఒకటి అద్ది మిగతా రంగులన్నీ పుట్టిస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. దీన్ని సి.ఎం.వై.కె. అంటారు. తెర మీద మెరిసిపోయే చిలకపచ్చ, నెమలికంఠం నీలం ఈ నాలుగు సిరాల్లో పూర్తిగా రావు. కాస్త మాసినట్టు వస్తాయి. అది ప్రెస్సువారి లోపం కాదు. మొదటినుంచీ సి.ఎం.వై.కె.లోనే పని చేసుకుంటే చివర్లో నిరాశ వుండదు.

ఈ నాలుగు సిరాలను కళ్లారా చూడాలంటే ఇంట్లో గోడకున్న రంగుల క్యాలెండరు చాలు. భూతద్దం పెట్టి దేవుడి బొమ్మ చూస్తే నాలుగు రంగుల చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. కంప్యూటరు ముందు కూర్చునే కంటే ముందు ఇది చేసినవారికి మిగతాది తొందరగా తలకెక్కుతుంది.

నలుపు అక్షరాల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. సన్నని అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే వుండాలి. నాలుగు రంగులూ కలిపిన నలుపు వేస్తే, ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా అక్షరం పక్కన ఎర్రటి నీడ, నీలి నీడ కనబడుతుంది. నాలుగు రంగులనూ నిండుగా దట్టిస్తే సిరా ఆరక పై షీటు వెనుకకు అంటుకుంటుంది. ముదురు రంగు మీద తెల్లని సన్న అక్షరాలూ అంతే. తెలుగు వత్తుల్లో సందులు సిరాతో పూడిపోయి ‘క్ష’ ఏదో, ‘క్ర’ ఏదో తెలియకుండా పోతుంది. అలాంటిచోట లావు అక్షరం వాడాలి.

ఫోటోల దగ్గర లెక్క సులువే. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలుండాలి. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు కార్డు నిండా బొమ్మ వేయాలంటే 1500 అడ్డం, 2100 నిలువు చుక్కల బొమ్మ కావాలి. ఇంటర్నెట్‌లో దొరికిన వినాయకుడి బొమ్మ 400 చుక్కల వెడల్పే వుంటే అది అంగుళమున్నర కూడా సరిగా అచ్చు కాదు. సాగదీస్తే గళ్లుగళ్లుగా వస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోయి వస్తుంది. అదే డాక్యుమెంటుగా పంపమంటే వున్నది వున్నట్టు వస్తుంది. ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది కనుక అంగుళానికి 72 చుక్కలున్నా సరిపోతుంది.

షీటులో ఎన్ని కార్డులు?

దర్జీ చొక్కా కత్తిరించేటప్పుడు కుట్లకు కొంత బట్ట వదులుతాడు. అచ్చులో దాన్ని బ్లీడ్ అంటారు. అంచుదాకా రంగు వుండే కార్డుకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున రంగు బయటకు పెంచి పెట్టాలి. కటింగ్ మిషను కత్తి పిసరంత అటూ ఇటూ పోయినా తెల్ల అంచు బయటపడదు. అలాగే పేర్లు, తేదీలు అంచునుంచి 5 మిల్లీమీటర్లయినా లోపలికి వుండాలి. లేకపోతే వరుడి ఇంటిపేరు కత్తి పాలవుతుంది.

ఈ బ్లీడుకూ డబ్బుకూ లింకు వుంది. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు వుండే డబుల్ క్రౌన్ షీటు మీద 5, 7 అంగుళాల కార్డులు వేయాలనుకుందాం. నోటి లెక్కకు అడ్డం నాలుగు, నిలువు నాలుగు, మొత్తం 16 పడతాయి. కాని రెండు వైపులా బ్లీడు కలిపితే కార్డు వెడల్పు 5.24 అంగుళాలవుతుంది. నాలుగు కలిస్తే 21 అంగుళాలకు దగ్గర. షీటు 20 అంగుళాలే! ఇక అడ్డం మూడే పడతాయి, షీటుకు 12 కార్డులే. వెయ్యి కార్డులకు 84 షీట్లు కావాలి. అదే కార్డు వెడల్పు అర అంగుళం తగ్గించి నాలుగున్నర చేస్తే బ్లీడుతో సహా నాలుగూ పడతాయి, మిషను షీటును పట్టుకోవడానికి వదలవలసిన అంచు కూడా మిగులుతుంది. అప్పుడు 63 షీట్లతో పని అయిపోతుంది. తరుగు షీట్లు ఎలాగూ వేరు. చూసేవారికి ఆ అర అంగుళం తేడా తెలియదు. ఖర్చు పెట్టేవారికి మాత్రం బాగా తెలుస్తుంది. కనుక సైజు నిర్ణయించుకునే ముందే ప్రెస్సువారికి ఒక ఫోను కొట్టి, ఏ షీటు వాడతారో అడగడం తెలివైన పని.

మామూలు శుభలేఖలకు ఇంత లెక్క అక్కరలేదు. ఆల్బంలో చూసి ఎంచుకున్న రెడీమేడు కార్డు మీద ఒకటి రెండు రంగుల్లో విషయం మాత్రమే వేస్తారు. స్క్రీన్ ప్రింటింగులో బంగారు సిరాతో వేసేటప్పుడు మరీ సన్నని అక్షరాలు తెగిపోతాయని గుర్తుంచుకుంటే చాలు.

తెలుగు అక్షరాలతో చిక్కులు

తెలుగు టైపు చేసేవారికి మరో బాధ వుంది. చాలా సెంటర్లలో వాడే అను వంటి పాత పద్ధతి ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అయితే పాత సాఫ్టువేర్లలో యూనికోడ్ తెలుగు పెడితే వత్తులు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంటాయి. అందుకే ఆపరేటర్లు పాత ఫాంట్లను వదులుకోలేకపోతున్నారు. ఏది వాడినా అచ్చుకు పంపేటప్పుడు ఫాంట్లను లోపలే ఇమిడ్చిన పి.డి.ఎఫ్. ఇవ్వాలి. లేదా అక్షరాలను గీతలుగా మార్చి పంపాలి. కోరల్‌లో దీన్ని కర్వ్స్ చేయడం అంటారు. కర్వ్స్ చేశాక మళ్లీ దిద్దడం కుదరదు కనుక దిద్దడానికి వీలున్న అసలు ఫైలు వేరే దాచుకోవాలి.

వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు చాలినంత తెలుగుకు చాలదు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అక్షరం పొందిక నేర్చుకోదలచినవారికి బాపు గీసిన పుస్తకాల అట్టలే మంచి బడి. నరసాపురంలో 1933లో పుట్టి 2014లో కన్నుమూసిన బాపు బొమ్మలతోపాటు చేతిరాతకూ పేరుపొందారు. ఆ రాతను పోలిన ఫాంటు ఇప్పటికీ శుభలేఖల్లో కనిపిస్తుంది. ఆ అట్టల మీద అక్షరాల చుట్టూ ఎంత ఖాళీ వదిలారో చూడాలి. కొత్తవారు ఖాళీ కనబడితే చాలు, అక్కడ ఒక పువ్వో, అరటిచెట్టో పెట్టేస్తారు. ఇప్పుడు బొమ్మలు గీసి ఇచ్చే కృత్రిమ మేధ కూడా చేతికందింది. అది పందిరి, తోరణాలు అందంగా వేస్తుంది గాని, వేసిన తెలుగు అక్షరాల్లో తరచు గుణింతం తప్పుతుంది. బొమ్మ దానిచేత వేయించుకున్నా అక్షరాలు సొంతంగా టైపు చేయడమే మేలు.

ప్రూఫు మీద సంతకం

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ముద్రారాక్షసం ఎక్కడో ఒకచోట నక్కి వుంటుంది. అచ్చు తప్పు పడితే నష్టం ఎవరిదన్న పేచీ ప్రతి ముహూర్తాల కాలంలోనూ వస్తుంది. అందుకు విరుగుడు ప్రూఫు కాగితం. తెర మీద చూపించి ‘సరేనా బాబాయ్’ అంటే ఆయన ‘సరేలే అబ్బాయ్’ అంటాడు, చదవడు. కాగితం మీద ప్రింటు తీసి ఇంటికి ఇచ్చి పంపాలి. అక్కడ ఒకరు పైకి చదువుతుంటే మరొకరు పురోహితుడు రాసిచ్చిన లగ్నపత్రికతో సరిచూడాలి. పేర్లు వదిలేశారని అలిగే మేనత్తలు కూడా అప్పుడే గుర్తుకొస్తారు. సంతకం, తేదీ వేయించుకున్న ఆ కాగితాన్ని కార్డులు పంచేదాకా ఫైలులో వుంచుకోవాలి. కొత్తగా పనిలో చేరినవారికి పెద్దల దగ్గర సంతకం అడగడం మొహమాటంగా వుంటుంది. ఆ మొహమాటం ఖరీదు వెయ్యి కార్డులు.

చట్టం సంగతులు రెండు కూడా తెలిసి వుండాలి. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల కరపత్రాలు, పోస్టర్ల మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు తప్పనిసరి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షను ప్రకారం, తప్పితే ఆరు నెలలదాకా జైలు, 2000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 100 మైక్రాన్లకంటే పలుచని ప్లాస్టిక్, పి.వి.సి. బ్యానర్లపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం వుంది.

పద్ధతిగా చదవాలనుకునేవారికి ఐ.టి.ఐ. కోర్సుల్లో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్ ట్రేడు వుంది. సికింద్రాబాదులోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ అచ్చుపనిలో డిప్లొమా నేర్పుతుంది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ డిగ్రీ చేయవచ్చు. సాఫ్టువేరు కొనే స్తోమత లేనివారికి ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్ డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. వీటిలో అచ్చుకు పంపే పేజీలు కూర్చడానికి స్క్రైబస్ పనికొస్తుంది. చదువుకోవడానికి వెళ్లే వీలు లేనివారు ఫైలు పంపి ఊరుకోకుండా, ఒక్క పూట తమ కార్డుతోపాటు ప్రెస్సుకు వెళ్లి, ప్లేటు బిగించిన దగ్గరనుంచి కత్తి దిగేదాకా నిలబడి చూస్తే మంచిది. పని జోరుగా వున్న ముహూర్తాల రోజుల్లో కాకుండా ఆషాఢంలో వెళితే మిషను మనిషికీ వివరంగా చెప్పే తీరిక వుంటుంది.