బహుభాషాపణముల వెబ్ చిరునామాలు: నిర్మాణ విచారము

అంతర్జాలమునందలి ప్రతి యంగడికిని, అందలి ప్రతి పుటకును నొక చిరునామా యుండును. అంగడి యొకే దేశమున నొకే భాషలో వర్తకము సాగించునంతవరకు ఆ చిరునామా యెట్లున్నను పెద్ద చిక్కు లేదు. అది పలు దేశములకును పలు భాషలకును విస్తరించిన నాడు, దేశము నెచట సూచింపవలెను, భాష నెచట సూచింపవలెను, వస్తువు పేరును ఏ లిపిలో వ్రాయవలెను అను ప్రశ్నలు పుట్టును. ఇది సాంకేతికుల పని యని భాషావేత్తలు తలచుట కలదు. కాని యీ ప్రశ్నలలో సగముపాలు లిపికిని, వర్ణక్రమమునకును, పాఠభేదమునకును సంబంధించినవే. కావున వీనిని ఇచ్చట విచారించుట యసంగతము కాదని మా యభిప్రాయము.

మొదట నొక సూత్రమును స్థిరపరచుకొందము: ఒక భాషాపాఠమునకు ఒక చిరునామా యుండవలెను. కొన్ని యంగడులు ఈ సూత్రమును పాటింపక, ఒకే చిరునామా నుంచి, చదువరి యంత్రమున దాచిన చిన్న గుర్తును బట్టి భాషను మార్చుచున్నవి. హైదరాబాదులో నొకడు తెలుగుపుటను చదివి, ఆ చిరునామాను రాజమహేంద్రవరమున నున్న తల్లికి పంపినచో, ఆమెకు ఇంగ్లీషుపుట తెరచుకొనును. పుటలను వెదకి పట్టికలు కూర్చు గూగుల్ వంటి శోధనయంత్రములకు సైతము ఆ గుర్తు ఉండదు గనుక, అవి తెలుగుపాఠమును చూడనే చూడవు. ఆమెజాన్ సంస్థ తన భారతీయాపణమున 2018లో హిందీని, 2020లో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళములను ప్రవేశపెట్టినది. ఇట్టి యనువాదములకై యెంత శ్రమపడినను, పుటకు వేరు చిరునామా లేనిచో ఆ తెలుగు వ్రాసియు వ్రాయనట్లే యగును.

చిరునామాలను వేరుపరచుటకు వర్తకులు ముఖ్యముగా మూడు త్రోవలు తొక్కుచున్నారు. దేశమునకొక క్షేత్రనామమును కొనుట మొదటిది, భారతదేశమునకు ‘.ఇన్’, జర్మనీకి ‘.డీఈ’ అనునట్లు. ఇందు దేశము స్పష్టమే కాని, వ్యయము మెండు. పైగా భాషాసమస్య తీరదు. స్విట్జర్లాండుకు ఒకే నామమున్నను, అచట జర్మను, ఫ్రెంచి, ఇటాలియను పుటలు మరల వేరుగా నుండవలసినదే గదా. భాషాసంకేతమును క్షేత్రనామమునకు ముందు చేర్చుట రెండవ త్రోవ. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా ‘టీఈ’ అను సంకేతముతో ఇట్లే యున్నది. విజ్ఞానసర్వస్వమునకు వెలలు లేవు, దేశములు లేవు. అందుచేత దాని కీ పద్ధతి చక్కగా నమరినది. నామము నొక్కటిగా నుంచి, గీత తరువాత దేశమును భాషను వరుసగా చేర్చుట మూడవది. ఐకియా సంస్థ చిరునామాలు ఈ తీరువి. 2018లో హైదరాబాదున తన మొదటి భారతీయాపణమును తెరచిన యీ సంస్థ, మన దేశపుపుటలను ‘ఇన్’ అను సంకేతము క్రింద నుంచినది. కెనడా క్రింద ఇంగ్లీషును ఫ్రెంచిని, బెల్జియము క్రింద డచ్చిని ఫ్రెంచిని ఉంచినది. ప్రశ్నార్థక చిహ్నము తరువాత భాషను తగిలించు నాల్గవ పద్ధతియు కలదు గాని, దానిని గూగుల్ సంస్థయే వలదన్నది.

మేము మూడవదానినే మెచ్చుచున్నాము. అందును దేశము ముందు, భాష వెనుక నుండుట న్యాయము. వెల, పన్ను, రవాణా అనునవి అంగడిని, అనగా దేశమును, అనుసరించును. భాష చదువరికి సంబంధించినది మాత్రమే. 2008లో వెలువడిన మజెంటో అను విక్రయసాధనమునందును వెబ్‌సైటు, స్టోరు, స్టోర్‌ వ్యూ అను మూడంతరువులు కలవు. వెలలను మొదటి యంతరువున వేరుపరుపవచ్చును, భాష సాధారణముగా మూడవదానికి చెందును. అమెరికాయందలి తెలుగువాడు డాలర్లలో కొనుచు తెలుగున చదువగోరుట సహజము. భాషయే దేశమని తలచినవారి కట్టడిలో వానికి తావే యుండదు.

సంకేతముల విషయమున నొక హెచ్చరిక. భాషలకును దేశములకును రెండక్షరముల సంకేతములు వేరు వేరు పట్టికలలో నున్నవి. ‘కేఎన్’ భాషగా కన్నడము, దేశముగా సెయింట్ కిట్స్. ‘ఎంఎల్’ భాషగా మలయాళము, దేశముగా ఆఫ్రికాలోని మాలి. మన దేశమునకు చెల్లు ‘ఇన్’ 1989 వరకు ఇండొనేషియా భాషకు సంకేతము! కావున నొక్క సంకేతమే కనబడు చిరునామా సందిగ్ధమగును.

ఇక లిపి. చిరునామాలోని వస్తునామమును తెలుగున వ్రాయవచ్చును. తెరపై తెలుగుగనే కనబడును. కాని లోపల నడచునది వేరు. యూనికోడునందలి ప్రతి తెలుగు సంకేతమును మూడు బైట్లగును. ఒక్కొక్క బైటు శాతపుగుర్తుతో కలిసి మూడక్షరములగును. ‘పుస్తకం’ అనుదానిలో పకారము, ఉత్వము, సకారము, పొల్లు, తకారము, కకారము, సున్న అని ఏడు సంకేతములున్నవి. చిరునామాలో నవి 63 అక్షరములగును. దానిని ఉత్తరములో నతికించిన యెడల పాముచాలు వలె సాగును. ఇది వికారమే గాని దోషము కాదు. దోషము పాఠభేదమున నున్నది. ‘పుస్తకం’ వేరు చిరునామా, ‘పుస్తకము’ వేరు చిరునామా. గ్రాంథిక వ్యావహారిక వివాదము ఈ యంగడిలో మరల తలయెత్తునని ఎవ్వరూహించిరి? ‘సైకిలు’ అనునపుడు ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును, ఎత్వమును దాని దీర్ఘచిహ్నమును రెండుగానైనను వ్రాయవచ్చును. కంటికి భేదము లేదు, యంత్రమునకు కలదు. ‘ల్యాప్‌టాప్’ నడుమ సంయుక్తాక్షరమును నివారించు అదృశ్యచిహ్న మొకటి యుండును. అదే చిహ్నము పదాంతమున పడినచో ఏమియు కనబడదు, చిరునామా మాత్రము మారిపోవును. ఇట్టివానిని ‘ఎన్‌ఎఫ్‌సీ’ అను నియతరూపమునకు తెచ్చి, పదాంతమందలి యదృశ్యచిహ్నమును తొలగించిన పిమ్మటనే చిరునామా కట్టవలెను. తాళపత్రములను పరిష్కరించినవారికి ఈ పని క్రొత్త కాదు.

రోమను లిపిలో వ్రాసిన బాధ తీరునందురా? ‘పీ ఏ ఎల్ ఎల్ యూ’ అను నైదక్షరములను చూచి తినెడి పళ్లనుకొనవలెనా, నోటిలోని పళ్లనుకొనవలెనా, హిందీవారు చీరకొంగును పిలుచు పల్లూ యనుకొనవలెనా? 2001 నాటి ఐఎస్ఓ 15919 లిప్యంతరీకరణము నిర్దుష్టమైనదే. కాని దీర్ఘమునకు పైగీత కావలెను, ఆ గీత యక్షరము మరల శాతపుగుర్తులలోనికే దిగును. కావున వస్తువునకు మారని సంఖ్య నొకదానిని చిరునామాలో నుంచి, అంగడి ఆ సంఖ్యనుబట్టియే పుటను గుర్తించునట్లును, తెలుగుపదము చదువరి సౌకర్యమునకై దాని ప్రక్క నుండునట్లును చేయుట మేలు. వర్ణక్రమము దిద్దబడినను సంఖ్య నిలుచును.

పదము దిద్దినపుడు పాత చిరునామాను త్రోసివేయరాదు. 301 అను శాశ్వతాంతరణ సంకేతముతో క్రొత్తదానికి పంపవలెను. 302 తాత్కాలికమునకే. భాషాంతరపుటలు ఒకదాని నొకటి చూపుటకు గూగుల్ 2011లో ‘హెచ్‌రెఫ్‌లాంగ్’ అను గుర్తును, ఏ భాషకును చెందని ద్వారపుటకై 2013లో మరియొక విలువను ఏర్పరచినది. తెలుగుపుట ఇంగ్లీషుపుటను చూపి, ఇంగ్లీషుది తెలుగుదానిని చూపకున్నచో ఆ గుర్తు చెల్లదు. మేము చూచినంతలో, తెలుగుపుటలు చేర్చినవారు ఎక్కువగా మరచునది ఈ ప్రతిసూచననే.